పిల్లికి పూసిందంతా మింగే మందే: ఒకే ట్యూబు వాడిన ఇంట్లో రెండు కేసులు

కేసు 1: పర్షియన్ పిల్లికూన, మగది, 5 నెలలు, 1.6 కిలోలు. కేసు 2: అదే ఇంట్లో ఉన్న లాబ్రడార్, మగది, 4 ఏళ్లు, 31 కిలోలు. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, వానాకాలం. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు, ఏడేళ్ల పాప.

కూనను తీసుకొచ్చింది చర్మం కోసం కాదు. రెండు రోజులుగా ముట్టడం లేదు, ముట్టినా కక్కేస్తోంది, చొంగ కారుస్తోంది. చర్మం సంగతి అడిగితే "దానికి మందు పూస్తూనే ఉన్నామండీ, పాపకు ఆ ట్యూబుతోనే తగ్గింది" అన్నారు.

కూనను కొని నెల. రెండో వారంలో ఎడమ చెవి మొదట్లో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలాయి. పాపకు అంతకుముందు తామర వస్తే వాడగా మిగిలిన క్రీము ఇంట్లో ఉంది. దాన్నే రోజుకు రెండుసార్లు చొప్పున 12 రోజులు పూశారు. కుక్క అప్పటికే ముందరి పాదాలు తెగ నాకుతోంది కనుక దాని వేళ్ల సందుల్లోనూ అదే రాశారు. మూడు నాలుగు రోజుల్లో కూనకు ఎరుపు పోయింది. ఆ తర్వాత మూతి మీద, తోక మీద, ముందుకాలి మీద కొత్త మచ్చలు వచ్చాయి. పవర్ చాలలేదనుకుని మెడికల్ షాపులో అడిగితే ఇంకో తామర ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టారు. అది నాలుగు రోజులు పూశారు. మూడో రోజు నుంచి వాంతులు.

"ఏదో తెల్ల క్రీము" అనే మాట మీద చికిత్స మొదలుపెట్టలేం. రెండు ట్యూబులూ ఇంటి నుంచి తెప్పించి వెనకవైపు సన్న అక్షరాలు చదివాం. మొదటి దానిలో క్లోబెటసాల్ (బలమైన స్టెరాయిడ్) 0.05 శాతం, మైకోనజోల్ (ఫంగస్ మందు) 2 శాతం, నియోమైసిన్ (యాంటీబయాటిక్) 0.5 శాతం. రెండోదానిలో శాలిసిలిక్ ఆమ్లం 3 శాతం, బెంజోయిక్ ఆమ్లం 6 శాతం. ఈ రెండోది విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ అనే పాత ఫార్ములా. మనిషి చర్మంపై మందమైన పొరను రాల్చి, దాంతోపాటు ఫంగస్‌ను ఊడ్చేయడం దాని పని.

లెక్క

రెండో ట్యూబు 15 గ్రాములది. మిగిలినదాన్ని తూకం వేసి చూస్తే సుమారు 6 గ్రాములు వాడినట్టు తేలింది. 3 శాతం అంటే గ్రాముకు 30 మిల్లీగ్రాముల శాలిసిలిక్ ఆమ్లం. ఆరు గ్రాములకు 180 మి.గ్రా. నాలుగు రోజులకు పంచితే రోజుకు 45 మి.గ్రా., కూన బరువుకు కిలోకు 28 మి.గ్రా. పూసినదానిలో సగమే కడుపులోకి పోయిందనుకున్నా రోజూ కిలోకు 14 మి.గ్రా. ఆస్పిరిన్ కూడా ఒంట్లో శాలిసిలేట్‌గానే మారుతుంది కనుక, ఆ లెక్కలోకి మారిస్తే అది కిలోకు 18 మి.గ్రా. అవుతుంది. అవసరపడి పిల్లికి ఆస్పిరిన్ ఇచ్చేటప్పుడు వైద్యులు ఇచ్చేది కిలోకు సుమారు 10 మి.గ్రా., అదీ రెండు మూడు రోజులకొకసారి. అంటే ఈ కూనకు అందింది దానికి మూడు రెట్ల పైమాటే.

అది ఒంట్లో నిలవ ఉండిపోవడం ఇంకో సమస్య. శాలిసిలేట్‌ను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువ. ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికి కుక్కకు 8 గంటలు పడితే పిల్లికి 40 గంటల దాకా పడుతుంది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది చేరుతుంది, దాని మీద రేపటిది. బెంజోయిక్ ఆమ్లాన్నీ పిల్లి ఇలాగే సరిగా వదిలించుకోలేదు.

పిల్లి మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం ఒళ్లు నాక్కోవడానికే పోతుంది. నాలుక మీది ముళ్లు దువ్వెన పళ్లలా పనిచేసి వెంట్రుకకు అంటిందాన్నంతా లాగేస్తాయి. ఒంటి మీద జిడ్డుగా ఏదైనా తగిలితే ఆ నాకుడు రెట్టింపవుతుంది. చెవి మొదలు నాలుకకు అందదు కదా అంటారు. ముందుకాలిని తడిచేసి, దాంతో చెవి వెనక తుడిచి, ఆ కాలిని నాకుతుంది. అందుకే పిల్లికి ఏ క్రీము రాయబోయినా, ఆ మొత్తాన్ని చెంచాలో పోసి తాగించగలమా అని ముందు ఆలోచించాలి. తాగించలేనిదాన్ని పూయకూడదు.

మొదటి 48 గంటలు

జ్వరం 103.6 డిగ్రీల ఫారెన్‌హీట్, శ్వాస నిమిషానికి 56, ఒంట్లో నీరు ఆరేడు శాతం తగ్గింది. ఏఎల్‌టీ (కాలేయం దెబ్బను చూపే రక్తపరీక్ష) కొంచెం పెరిగింది. రక్తంలో శాలిసిలేట్ మోతాదు కొలవలేదు, వాడిన మందు లెక్కనుబట్టి, లక్షణాలనుబట్టి నిర్ధారించాం.

కడిగే ముందు రెండు నిమిషాలు ఆగి నమూనాలు తీశాం. మచ్చల అంచుల నుంచి పట్టకారుతో వెంట్రుకలు పీకి, కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్లంతా దువ్వి, మచ్చల మీద చివర్లో దువ్వాం. స్నానం చేయించాక తీస్తే కల్చర్ (నమూనాలోని ఫంగస్‌ను ప్లేటు మీద పెంచి చూసే పరీక్ష) తప్పుగా నెగెటివ్ వచ్చే ప్రమాదం ఉంది.

ఆయింట్‌మెంట్ జిడ్డు నీళ్లకు పోదు. ముందు పొడి టిష్యూతో పైపైన ఎత్తేశాం, రుద్దలేదు. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌ను ఒకటికి పది నీళ్లతో కలిపి, గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగాం. టవల్‌తో అద్ది ఆరబెట్టి, నాక్కోకుండా మెడకు కోన్ (గరాటులాంటి పట్టీ) తొడిగాం. స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్, కిరోసిన్‌లాంటివాటితో జిడ్డు తీయబోతే ఒక విషం పోయి ఇంకోటి చేరుతుంది.

రింగర్ లాక్టేట్ నరంలోకి, వాంతులకు మారోపిటెంట్ కిలోకు 1 మి.గ్రా., కడుపులో ఆమ్లం తగ్గడానికి పాంటోప్రజోల్ కిలోకు 1 మి.గ్రా. ఇచ్చాం. కడుపులోని విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ చార్‌కోల్ (బొగ్గుపొడి) ఇవ్వలేదు. మందు నాలుగు రోజులుగా ఒంట్లోకి పోతోంది, పైగా వాంతులు చేసుకుంటున్న కూన ఊపిరితిత్తుల్లోకి చార్‌కోల్ పోతే అది వేరే గండం. ఇలాంటి కేసుల్లో జ్వరం చూసి మెలోక్సికామ్ అనే నొప్పిమందు ఇవ్వడమనే తప్పు తరచూ జరుగుతుంది. శాలిసిలేట్ ఉన్న కడుపుకూ కిడ్నీకీ ఇంకో నొప్పిమందు తోడైతే పుండ్లు, కిడ్నీ దెబ్బ రెండూ వస్తాయి. ఈ జ్వరం ద్రవాలు ఎక్కుతున్నకొద్దీ దిగింది. రెండో రోజు సాయంత్రం కూన చేపల పేస్టు నాకింది, మూడో రోజు ఇంటికి వెళ్లింది.

చర్మం సంగతి

వుడ్స్ ల్యాంప్ (అతినీలలోహిత దీపం) కింద, 365 నానోమీటర్ల కాంతిలో, మూతి మచ్చ దగ్గర వెంట్రుకలు పచ్చి ఆపిల్ రంగులో మెరిశాయి. ఇక్కడ మోసపోయేవాళ్లు చాలామంది. క్రీము, చుండు, బట్టల పోగు కూడా మెరుస్తాయి, కాకపోతే నీలితెలుపుగా. మెరుపు చర్మం పొట్టులో ఉంటే లెక్కలోకి రాదు, వెంట్రుక కాడలోనే ఉండాలి. ల్యాంపును కనీసం ఐదు నిమిషాలు ముందే వెలిగించి ఉంచి, చీకటి గదిలో, చర్మానికి రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని నిదానంగా చూడాలి. మెరిసిన వెంట్రుకను పీకి మినరల్ ఆయిల్‌లో మైక్రోస్కోపు కింద పెడితే మామూలు వెంట్రుకకు రెట్టింపు లావుగా, పాలిపోయి, చుట్టూ చిన్న పూసలు గుచ్చినట్టు బీజాలు కనిపించాయి.

డీటీఎమ్ (తామర ఫంగస్ పెరిగితే రంగు మారే కల్చర్) ప్లేటు ఆరో రోజున ఎర్రబడింది. అదే రోజు తెల్లని దూదిలాంటి కాలనీ కనిపించింది. రంగు, కాలనీ జతగా రావాలి. రెండు వారాల తర్వాత వచ్చే ఎరుపుకు విలువ లేదు, ఏ బూజయినా చివరికి ఆ ప్లేటును ఎర్రగా మారుస్తుంది. అందుకే రోజూ చూడాలి. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ అనే రంగు వేసి చూస్తే కదురు ఆకారంలో, మందపాటి గోడలతో, ఆరుకు పైగా గదులున్న పెద్ద బీజాలు. పిల్లుల్లో తామర తెచ్చే ఫంగస్, మైక్రోస్పోరమ్ కానిస్.

మరి మైకోనజోల్ 12 రోజులు పూసినా ఎందుకు తగ్గలేదు? ఫంగస్ ఉన్నది వెంట్రుక లోపల, క్రీము ఉన్నది పైన. కంటికి ఒక మచ్చే కనబడినా బీజాలు బొచ్చంతా పరుచుకుని ఉంటాయి. పైగా పక్కనే క్లోబెటసాల్ ఉంది. అది మనుషుల చర్మానికి వాడే స్టెరాయిడ్లలో అతి బలమైన తరగతిది. వాపునూ ఎరుపునూ అణిచేసింది, దాంతో తగ్గినట్టు కనిపించింది. ఆ ఎరుపే నిజానికి ఒంటి రక్షణ. దాన్ని అణిచినచోట ఫంగస్‌కు అడ్డు లేకుండా పోయింది. చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. మన దగ్గర మనుషుల్లోనూ తామర మొండికెత్తడానికి ఈ కలగాపులగం ట్యూబులు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు మొత్తుకుంటూనే ఉన్నారు.

కూనకు వాడిన మందు

వెటర్నరీ డెర్మటాలజీ వాళ్ల 2017 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం పిల్లి తామరకు ఒళ్లంతటికీ పైమందు, లోపలికి మందు కలిపి నడపాలి. మచ్చ మీద మాత్రమే క్రీము రాయడం చికిత్స కాదు, చికిత్సకు తోడు.

స్నానానికి మైకోనజోల్ 2 శాతం, క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం కలిసిన షాంపూ, వారానికి రెండుసార్లు. క్లోర్‌హెక్సిడిన్ ఒక్కటే ఉన్న షాంపూ ఈ ఫంగస్‌కు చాలదు. మనుషుల చుండు షాంపూలు అసలే వద్దు. వాటిలో చాలావాటిలో శాలిసిలిక్ ఆమ్లమో, కోల్ తారో, జింక్ పైరిథియోనో ఉంటుంది. బొచ్చు బాగా దట్టంగా ఉంది కనుక మొన మొద్దుగా ఉన్న పిల్లల కత్తెరతో రెండు సెంటీమీటర్లకు కత్తిరించాం. క్లిప్పర్ వాడలేదు. బ్లేడు గీసిన ప్రతి సన్న గీతా ఫంగస్‌కు కొత్త దారి. కత్తిరించిన వెంట్రుకల్ని కవర్లో మూటకట్టి పారేయాలి.

నీళ్లు ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. ముందు కళ్లకు కన్నీటి జెల్ ఒక చుక్క వేయాలి, క్లోర్‌హెక్సిడిన్ కంట్లో పడితే కార్నియాకు పుండు పడుతుంది. బొచ్చు తోలు దాకా తడిశాక 10 మి.లీ. షాంపూ మెడ నుంచి తోకదాకా. నురుగు అంతటా పట్టాక అప్పుడు గడియారం చూసుకుని పది నిమిషాలు. ఈ పది నిమిషాల దగ్గరే అందరూ దొంగలెక్క వేస్తారు. కూనను పల్చని టవల్‌లో చుట్టి ఒడిలో పెట్టుకుంటే వణుకూ తగ్గుతుంది, గీరడమూ తగ్గుతుంది. ముఖానికి నురుగు వద్దు, నలుచదరంగా మడిచిన గుడ్డను షాంపూ నీళ్లలో ముంచి పిండి, దానితో తుడవడమే. చెవిలోకి పోకూడదు, చెవిగూబ పగిలి ఉంటే క్లోర్‌హెక్సిడిన్ వినికిడిని పోగొడుతుంది. నీళ్లు జారుడు లేకుండా వచ్చేదాకా కడగాలి. మిగిలిన షాంపూ కూడా నాలుకకే చేరుతుంది. హెయిర్ డ్రయ్యర్ వాడితే బీజాలు గదంతా ఎగురుతాయి, టవలే మేలు.

మూతి మీదికి సాదా మైకోనజోల్ 2 శాతం క్రీము, ఇంకేమీ కలవనిది. మనుషుల యోని ఇన్ఫెక్షన్లకు అమ్మే మైకోనజోల్ క్రీము ముఖానికి బాగా పనికొస్తుంది, మంట పుట్టించే స్పిరిట్ అందులో ఉండదు కాబట్టి. షాపులో అడగడానికి యజమాని మొహమాటపడ్డారు, చీటీ మీద రాసిస్తే సరిపోయింది. మోతాదు: కందిగింజంత. గ్లవ్ వేసుకున్న వేలితో వెంట్రుకల్ని పాయ తీసి, చర్మానికి తాకేలా, మచ్చ అంచు దాటి ఒక సెంటీమీటరు దాకా, తెలుపు కనిపించకుండా ఇంకేదాకా రుద్దాలి. ఇరవై నిమిషాల తర్వాత పైన మిగిలింది టిష్యూతో అద్దేయాలి, ఆ తర్వాత ఇంకో గంట కోన్ ఉంచాలి. అన్నం గిన్నె పెట్టే ముందు రాస్తే దాని ధ్యాస గిన్నె మీదికి పోతుంది అనుకోవడం కుక్కకు నిజం. పిల్లి తిన్న వెంటనే ముఖం కడుక్కుంటుంది, కనుక పిల్లికి తిండి ముందు రాయకూడదు.

లోపలికి ఇట్రాకోనజోల్ అనే ఫంగస్ మందు ద్రావణం, మి.లీ.కు 10 మి.గ్రా. ఉండేది. కిలోకు 5 మి.గ్రా. చొప్పున 8 మి.గ్రా., అంటే 0.8 మి.లీ., రోజుకోసారి, ఖాళీ కడుపున. ఒక వారం ఇచ్చి, ఒక వారం ఆపి, ఇలా మూడు విడతలు. కూన మామూలుగా తింటూ ఏఎల్‌టీ దిగాకే, పదో రోజున మొదలుపెట్టాం. అప్పటిదాకా స్నానాలే. మూడో విడతకు బరువు 2.1 కిలోలు, మోతాదు 1.05 మి.లీ.కి పెంచాం. ఎదిగే కూనను ప్రతి విడతకూ తూచకపోతే మందు తక్కువపడుతుంది. ముడి పొడితో కలిపించిన ఇట్రాకోనజోల్ కడుపులో సరిగా ఇంకదు. క్యాప్సూల్ తెరిచి గుళికలు లెక్కబెట్టి పంచడం ఇంత చిన్న కూనకు కుదిరే పని కాదు.

కుక్కకు వేరే జబ్బు

లాబ్రడార్‌కు ఉన్నది తామర కాదు. వుడ్స్ ల్యాంప్ కింద పాదాలు మెరవలేదు. వేళ్ల సందుల్లో సెల్లోటేపు అంటించి, రంగువేసి చూస్తే, వేరుశనగ కాయ ఆకారంలో మలాసీజియా, ఆయిల్ లెన్సు కింద ప్రతి చోటా ఎనిమిది, పది. చర్మం మీద మామూలుగా బతికే ఈస్టే ఇది, అలర్జీ వల్ల నాకి నాకి తడిగా ఉన్నచోట పెచ్చుపెరిగింది. పాదాల బొచ్చు ఇటుక రంగుకు తిరిగింది.

క్లోబెటసాల్ క్రీము దీనికి రెండు 15 గ్రాముల ట్యూబులు ఖర్చయ్యాయి. పాదాల మీద పూసింది కనుక దాదాపు అంతా నాకేసింది: 15 మి.గ్రా. క్లోబెటసాల్. "ఈమధ్య నీళ్లు బాగా తాగుతోంది, హాల్లో ఒంటికి పోస్తోంది, వయసేమో" అని ఇంటివాళ్లు వేరే సందర్భంలో చెప్పారు. నాలుగేళ్ల కుక్కకు వయసేమిటి, అది స్టెరాయిడ్ పని. పూత ఆపాక పది రోజుల్లో రెండూ సర్దుకున్నాయి. ఆ పది రోజులూ నీరసం, వాంతులు, తిండి మానడం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మని చెప్పాం, బయటి స్టెరాయిడ్ వల్ల తన స్టెరాయిడ్ తయారీ ఆపేసిన అడ్రినల్ గ్రంథి ఇంకా మేలుకోకపోయి ఉండవచ్చు.

అదే షాంపూ పాదాలకు, వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, మూడు వారాలు. అసలు కిటుకు తర్వాత ఆరబెట్టడంలో ఉంది. నాలుగు కాళ్లకు నాలుగు పొడి గుడ్డలు పెట్టుకుని ప్రతి వేలి సందూ విడిగా తుడవాలి. వానాకాలంలో వాకింగ్ నుంచి వచ్చాక కూడా అంతే. పైగా కుక్క బొచ్చును టూత్‌బ్రష్‌తో దువ్వి కల్చర్ చేస్తే మైక్రోస్పోరమ్ కాలనీలు రెండు వచ్చాయి. దానికి మచ్చ లేదు, కూన నుంచి అంటించుకున్న బీజాలు మోస్తోంది. ఆ కారణంగా పాదాలకే కాక ఒళ్లంతటికీ అదే స్నానం చేయించాల్సి వచ్చింది. మూడు వారాల్లో ఈస్టు ఒకటీ అరకు దిగింది. అలర్జీ విచారణ వేరే నడుస్తోంది, అది తేలనిదే ఈస్టు మళ్లీ వస్తుంది.

ఇంటి అల్మారాలో ఉండేవి

ఈ కేసు తర్వాత యజమానిని అల్మారాలో ఉన్నవన్నీ చదివి చెప్పమన్నాం. పిల్లి దరిచేరకూడనివి అందులోనే ఐదు దొరికాయి: నీళ్లలో పోయగానే పాలలా మారే యాంటీసెప్టిక్ ద్రావణం (ఫినాల్ జాతిది), టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిపిన కొబ్బరినూనె, దురద తగ్గించే బెంజోకైన్ క్రీము, కాలి ఆనెలకు శాలిసిలిక్ ఆమ్లం. బెంజోకైన్ పిల్లి రక్తాన్ని చాక్లెట్ రంగుకు తిప్పేస్తుంది, ఊపిరి ఆడుతున్నా ఒంటికి ఆక్సిజన్ అందదు. కర్పూరం, టీ ట్రీ ఆయిల్ కుక్కకూ మంచివి కావు. మనుషుల సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రియాల్ ట్యూబును కుక్క కొరికితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు పోతాయి. ఇక వీధికుక్కల గజ్జికి బండి ఇంజన్ ఆయిల్ రాసే అలవాటు ఇంకా పోలేదు. ఆయిల్ నాలుకకూ చేరుతుంది, చర్మంలోకీ ఇంకుతుంది.

ఇల్లు, మనుషులు

మైక్రోస్పోరమ్ కానిస్ బీజాలు అనుకూలించిన చోట ఏడాదిన్నర దాకా బతకగలవు. కూనను టైల్స్ ఉన్న ఒక గదిలో పెట్టించాం, ఆటలాడించడం మానొద్దన్నాం. రోజూ తడిగుడ్డతో వెంట్రుకలు ఎత్తేయాలి, పొడి చీపురుతో ఊడిస్తే లేస్తాయి. ముందు డిటర్జెంటుతో తుడిచి, తర్వాత ఐదు శాతం బ్లీచ్ లిక్విడ్‌ను లీటరు నీళ్లకు 30 మి.లీ. కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో తుడవాలి. మురికి మీద బ్లీచ్ పనిచేయదు. టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, పిల్లి మూత్రం ఉన్నచోట కూడా ముందు కడిగాకే బ్లీచ్. జంతువు ఒంటి మీద బ్లీచ్ ఎప్పుడూ వద్దు. పక్కబట్టల్ని రెండుసార్లు ఉతికించాం.

పాప ముంజేతి మీద కొత్తగా రెండు వలయాలు వచ్చాయి. వాటిని చర్మవైద్యుడికి చూపించి, ఇంట్లో పిల్లికి ఈ ఫంగస్ ఉందనే ప్లేటు ఫలితం కూడా చూపించమన్నాం. మిగిలిన ట్యూబు ఆమెకూ వాడలేదు.

ఫలితం

నాలుగో వారం కల్చర్‌లో మూడు కాలనీలు. మచ్చల్లో బొచ్చు నిండింది, వుడ్స్ ల్యాంప్ కింద మెరుపు మొదళ్లలో పోయి వెంట్రుక కొసలకే మిగిలింది. కొత్తగా వచ్చిన వెంట్రుకకు ఫంగస్ పట్టలేదని దాని అర్థం. ఇక్కడే స్నానాలు ఆపేద్దామా అని అడిగారు, కుదరదన్నాం. ఆరో వారం, ఏడో వారం కల్చర్లు రెండూ నెగెటివ్. కుక్కది ఆరో వారంలో నెగెటివ్. ఏడో వారం ప్లేటుకు 14 రోజులు నిండాక స్నానాలు ఆపి, కూన గది తలుపు తీశారు. అప్పటికి దాని బరువు 2.4 కిలోలు, ఏఎల్‌టీ మామూలు.